మేనమామ పోలిక

నేను మెడలో పేగు వేసుకుని పుట్టాను. అలా పుట్టిన బిడ్డ మేనమామకు గండమని మా వైపు నమ్ముతారు. అందుకని మేనమామ ఆ బిడ్డ ముఖం నేరుగా చూడకూడదు. కంచుగిన్నెలో నువ్వుల నూనె పోసి, అందులో కనబడే బిడ్డ నీడను ముందు చూడాలి. ఆ తర్వాతే తలెత్తి బిడ్డను చూడాలి. మా అమ్మకు ఉన్నది ఒక్క అన్నయ్య. కంకిపాడు దగ్గర ఒక పల్లెలో వరీ చెరకూ పండించే మనిషి. నా పురుడు ఆ ఇంట్లోనే జరిగింది కాబట్టి, నూనెలో చూసే రోజు కుదిరేదాకా పాపం ఆయన సొంత ఇంట్లోకి రాకుండా పశువుల పాకలో పడుకున్నాడట. తీరా గిన్నెలోకి తొంగిచూసి, "ఇదేంటే చెల్లాయ్, ఇందులో నా మొహమే కనబడతంది?" అన్నాడట.

అందరూ నవ్వారట. నవ్వక ఏం చేస్తారు? ఆ కలిసిపోయిన కనుబొమలు, ఆ వెడల్పాటి నుదురు, ఎడమ చెవి కాస్త బయటికి రావడంతో సహా అన్నీ ఆయనవే. ఆడపిల్లకు మేనమామ పోలిక వస్తే అదృష్టమంటారు. నాకు నాలుగేళ్ళు వచ్చేదాకా నేనూ అదృష్టవంతురాలినే.

ఆ ఏడు పెద్ద తుపాను వచ్చింది. అది వెళ్ళిపోయాక మామయ్య "అదోలా" అయ్యాడు. మా ఇంట్లో ఆ జబ్బుకు అంతకు మించి పేరు లేదు. అదోలా ఉన్నాడు, అదోలా చూస్తున్నాడు, అదోలా అయిపోయాడు. నిద్ర పోడు, తిండి తినడు, పొలం వెళ్ళడు, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడి లేచి నిలబడతాడు. కొన్నేళ్ళ పాటు వెనక గదిలో ఉంచారు. తాయెత్తులు కట్టించారు, ఎవరో చెప్పారని ఎక్కడెక్కడికో తిప్పారు. పెళ్ళయిన కొత్తలోనే ఇదంతా జరిగింది. అత్తయ్యను పుట్టింటివాళ్ళు వచ్చేయమన్నా ఆవిడ కదల్లేదు.

అప్పటినుంచి నన్ను కొత్తగా ఎవరు చూసినా "అచ్చం మేనమామ పోలికే" అనేవారు. అని, నాలిక కరుచుకునేవారు. వెంటనే మా అమ్మమ్మ ఉప్పు పట్టుకొచ్చి దిష్టి తీసేది. కాస్త పెద్దయ్యాక నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. మామయ్యకు అలా కావడానికి నా పుట్టుకే కారణమట, ఆ నూనె తంతులో ఏదో లోపం జరిగిందట. ఇక ఆయన పోలికే వచ్చింది కాబట్టి రేపో మాపో నాకూ అలాగే అవుతుందట. ఆయనకు నా వల్ల వచ్చిందంటారు, నాకు ఆయన వల్ల వస్తుందంటారు. మరి మా ఇద్దరిలో ఎవరు ఎవరికి ఇచ్చుకున్నట్టు? ఈ ప్రశ్న ఒకసారి అడిగితే అమ్మ నెత్తిన మొట్టికాయ వేసింది. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. దానికి పునాది ఆ మొట్టికాయేనని నా అనుమానం.

వేసవి సెలవులకు ఆ ఇంటికి వెళ్ళేవాళ్ళం. నేను వాకిట్లోకి వస్తే మామయ్య పెరట్లోకి వెళ్ళేవాడు. నేను పెరట్లోకి వెళితే ఆయన కళ్ళంలోకి. కానీ అరుగు మీద చెరకు ముక్కలు, చెక్కు తీసి, కణుపులు కోసేసి, నా నోటికి పట్టేంత ముక్కలు, ఒక పళ్ళెంలో ఉండేవి. నేను ఆయనకు గండం కాబట్టి తప్పించుకు తిరుగుతున్నాడని అనుకునేదాన్ని. నా వల్ల ఒక మనిషి దాక్కుంటున్నాడని చిన్నప్పుడు ఎంత బాధపడ్డానో చెప్పలేను.

తర్వాత బోటనీ చదివి, విజయవాడలో ఇంటర్ కాలేజీలో లెక్చరర్‌నయ్యాను. ఏటా రెండో సంవత్సరం పిల్లలకు బఠానీ మొక్కల పాఠం చెబుతాను. పొడుగు మొక్క, పొట్టి మొక్క, బోర్డు మీద గళ్ళు, ఏ గడిలో ఏ జీను పడితే ఏ మొక్క వస్తుందో లెక్క. ఆ గళ్ళు గీస్తున్నప్పుడల్లా ఒక గడిలో మామయ్యను, ఒక గడిలో నన్ను మనసులోనే వేసుకునేదాన్ని. ఇంట్లోవాళ్ళది మూఢనమ్మకమని ఎగతాళి చేసేదాన్ని, నాది మాత్రం సైన్సు. తీర్పు మాత్రం వాళ్ళదీ నాదీ ఒకటే: ఎప్పుడో ఒకప్పుడు నాకు అదోలా అవుతుంది. పెళ్ళయింది, కూతురు పుట్టింది. ఏదైనా ఒక రాత్రి నిద్ర పట్టకపోతే చాలు, "ఇదేనా?" అనుకునేదాన్ని.

మా ఇల్లు బుడమేరుకు దగ్గరలో ఉన్న కాలనీలో కింది అంతస్తు. ఆ సెప్టెంబరు ఆదివారం పొద్దున మా ఆయన పని మీద విశాఖపట్నం వెళ్ళి ఉన్నారు. పొయ్యి మీద టీ మరుగుతోంది. గేటు కింద నుంచి నీళ్ళు రావడం చూసి, వాన నీళ్ళే కదా, మధ్యాహ్నానికి పోతాయిలే అనుకున్నాను. టీ వడకట్టేలోపు వంటింట్లో పాదాలు మునిగాయి. కాసేపటికి సోఫా తేలింది. ఎదురింటి మేడ మీద నుంచి వాళ్ళు చేతులు ఊపుతూ "వచ్చేయండి, వచ్చేయండి" అని అరుస్తున్నారు. మూడో తరగతి చదువుతున్న కూతురిని చంకనెత్తుకుని రోడ్డు దాటడానికి దిగాను.

రోజూ నడిచే రోడ్డే. కానీ నీళ్ళ కింద కాలువ మీది పలక ఎక్కడ ఉందో, ఎక్కడ కొట్టుకుపోయిందో ఎలా తెలుస్తుంది? కాలు దిగిపోయింది. నేను మునిగి లేచేసరికి చంకలో పిల్ల లేదు. రెండు చేతులతో ఆ మురికి నీళ్ళను కెలికాను. అరిచానో లేదో కూడా తెలియదు. కుడిచేతికి ఏదో తాడులా తగిలింది. పిల్ల జడ. పట్టుకుని లాగాను. దగ్గుతూ, ఏడుస్తూ, బతికి పైకి వచ్చింది నా తల్లి.

తర్వాత కొన్ని రోజులు ఎదురింటి మేడ మీద. పడవల్లో పాల ప్యాకెట్లు, మంచినీళ్ళ సీసాలు, పులిహోర పొట్లాలు. నీళ్ళు తీశాక ఇంటినిండా బురద. దాన్ని ఎత్తిపోయడానికి, కడగడానికి చాలా రోజులు పట్టింది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళకూ "మేం బాగానే ఉన్నామండీ, సామానే పోయింది" అని చెప్పాను. నిజంగానే అలా అనుకున్నాను. చుట్టుపక్కల అందరిదీ అదే బతుకు, నాదేమన్నా ప్రత్యేకమా?

దసరా సెలవులు అయిపోయి కాలేజీ మొదలయ్యాక తెలిసింది, నేను బాగా లేనని. పక్కింట్లో మోటారు వేసి ట్యాంకులో నీళ్ళు పడుతుంటే నా గుండె దడదడలాడేది. నిద్ర పట్టేది కాదు. పట్టినా చేతులతో దుప్పటిని కెలుకుతూ లేచేదాన్ని. అయినదానికీ కానిదానికీ అరిచేదాన్ని. కోపం నాకు కొత్త కాదు కాబట్టి ఆ విషయం మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కటి మాత్రం దాచలేకపోయాను. నా కూతురి జడ ముట్టుకోలేకపోతున్నాను. దువ్వెన పట్టుకుని దాని వెనక నిలబడితే చేతులు చల్లబడి, వణికి, కళ్ళ ముందు ఆ నీళ్ళే. మా ఆయన యూట్యూబ్‌లో చూసి జడ వేయడం నేర్చుకున్నారు. పిల్ల ఒక జడ పైకీ ఒక జడ కిందికీ వేసుకుని బడికి వెళ్ళేది. "అమ్మా, నా మీద కోపమా?" అని అడిగింది ఒకరోజు. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడుద్దామంటే, కుళాయి కూడా తిప్పలేకపోయాను.

అమ్మ వచ్చి రెండు రోజులు నన్ను గమనించింది. మూడో రోజు వరండాలో నిలబడి మామయ్యకు ఫోన్ చేసి, నాకు వినబడదనుకుని, "వచ్చేసింది అన్నయ్యా" అంది. వర్షం వచ్చేసింది అన్నట్టు. ఇన్నేళ్ళుగా ఇంటిల్లిపాదీ ఎదురుచూసినది చివరికి వచ్చిందన్నమాట. నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారాక మాత్రం భయం వేసింది. నేను కూడా అదే అనుకుంటున్నానని నాకు తెలుసు.

అమ్మ ఉద్దేశం నన్ను కంకిపాడు తీసుకెళ్ళి, కొన్నాళ్ళు బయటికి తెలియకుండా ఉంచడం. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో, ఆ గది ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ఆయన మాత్రం ఒక్కటే మాట అన్నారు: "అత్తయ్యా, కాలు విరిగితే కంకిపాడు తీసుకెళ్తారా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారా?" సూర్యారావుపేటలో ఒక మానసిక వైద్యురాలి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. ఆ రోజు పిల్ల దగ్గర ఆయన ఉండిపోయారు. నా వెంట అమ్మ బయలుదేరింది. వరదలో మా బండి పాడైపోయింది కాబట్టి మామయ్య తన కారు తెచ్చాడు. దారి పొడుగునా ఆయన వెనక సీటు వైపు చూడలేదు. ఆస్పత్రి మెట్ల దగ్గర అమ్మ ఆయనతో, "నువ్వు లోపలికి రాకన్నయ్యా, బయట కూర్చో. డాక్టరు అదీ ఇదీ అడుగుద్ది. నీ కూతురికి ఉయ్యూరు సంబంధం మాటల్లో ఉంది, గుర్తుందా?" అంది. నాతో, "మామయ్య సంగతి ఎత్తావంటే ఊరుకోను" అంది.

డాక్టరమ్మ మా అమ్మ కన్నా కాస్త చిన్నది. నెమ్మదిగా అడిగింది. నిద్ర, ఆకలి, ఉలికిపాటు అన్నీ చెప్పాను. జడ సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత ఆవిడ అమ్మ వైపు తిరిగి, "మీ కుటుంబంలో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందామ్మా?" అంది.

"అబ్బే, మా ఇంటా వంటా లేదండీ!" అంది అమ్మ.

"ఉంటే తప్పేం లేదమ్మా. ఇలాంటి వాటిల్లో కొంత జీన్స్ పాత్ర కూడా ఉంటుంది కాబట్టి అడుగుతున్నా."

"మా అమ్మాయి అలాంటిది కాదండీ," అంది అమ్మ చాలా గట్టిగా. "జీన్సు జన్మలో వేసుకోలేదు. కాలేజీకి కూడా చీరే కట్టుకెళ్ళుద్ది."

ఏటా జీన్ల పాఠం చెప్పి పొట్ట పోసుకునే నేను ఆ కుర్చీలో కూరుకుపోయాను. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. చేతిలో పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, మీకు షుగరుందా?" అంది. అమ్మ ముఖం విప్పారింది. "ఉందండీ, మా నాన్నకుంది, మా పెద్దమ్మకుంది, మా చిన్నాన్నకైతే మరీనూ" అని అందరినీ పేరుపేరునా చెప్పింది. మా వైపు పెళ్ళి భోజనాల దగ్గర ఎవరి షుగరు ఎంతో గర్వంగా చెప్పుకోవడం మామూలే.

"చూశారా, దాన్ని దాచలేదు. ఇదీ అలాంటిదే. దగ్గరి బంధువుల్లో ఎవరైనా జబ్బు పడి ఉంటే, వాళ్ళకి ఏం జరిగింది, ఏ మందు పడింది, ఎలా తగ్గింది, అదంతా మీ అమ్మాయికి పనికొస్తుంది. ఎవరూ లేరా?"

ఆ గది తలుపు పల్చటి ప్లైవుడ్ తలుపు. బయట వాళ్ళ మాటలు లోపలికి, లోపలి మాటలు బయటికి వినబడతాయి. అమ్మ "లేరండీ" అనబోతుండగా తలుపు తెరుచుకుంది. మామయ్య. చెప్పులు బయటే విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు.

"నేనున్నానండి," అన్నాడు.

 ఆయన తన జబ్బు సంగతే చెప్పాడు. నాకు మాత్రం, నీకు నేనున్నానని కూడా వినబడింది.

"ఈవిడకి అన్నయ్యనండి. ఈ పిల్లకి మేనమామని. మీరడిగిందేదో నాకొచ్చిందండి."

"అన్నయ్యా, నువ్వు బయటికి నడు. నీ కూతురి పెళ్ళి..."

"నా కూతురి సంగతి నేను చూసుకుంటాలే చెల్లాయ్. ముందు ఈ పిల్ల సంగతి కానియ్యి."

డాక్టరమ్మ కుర్చీ చూపించింది. ఆయన అంచున కూర్చున్నాడు. చిన్నప్పటినుంచి ఆయన గొంతు నేను అంతసేపు విన్నది అదే మొదటిసారి.

"తుపానులో నేనూ, మా పక్క చేను రైతూ మురుక్కాలవ దాటతన్నామండి. చిన్నప్పణ్ణించీ స్నేహితులం. ఈ చేతిలో ఆడి చెయ్యి ఉంది." కుడి అరచెయ్యి చాపి చూపించాడు. "ఉంది, ఉంది, లేదు. అంతేనండి. ఆ తర్వాత నిద్రలో ఆడు కనబడేవాడు కాదు. ఆ చెయ్యి జారడమే తెలిసేది. ఎవరికన్నా చెబుదామంటే, వదిలేశావా అంటారేమోనని నోరు రాలేదు. మా వాళ్ళు తాయెత్తులు కట్టారు, గదిలో పెట్టారు. కొట్టలేదండి, అబద్ధం చెప్పకూడదు. కానీ ఏం జరిగిందిరా అని ఒక్కళ్ళూ అడగలా. గండమన్నారు, వంశం అన్నారు. మా ఆవిడే అడిగింది. అడిగి, ఇన్నాక, ఊళ్ళో గ్యాసు నొప్పికని చెప్పి బెజవాడలో డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది. ఆ మాత్రలు కూడా గ్యాసు మాత్రలనే చెప్పుకున్నాం."

"తగ్గి ఎన్నాళ్ళయింది?"

"మా అమ్మాయి పుట్టకముందే తగ్గిందండి. మళ్ళీ రాలా. పెళ్ళీడు పిల్ల ఇప్పుడది."

డాక్టరమ్మ అమ్మ వైపు చూసింది. "మరి ఇన్నేళ్ళూ ఆయన బాగున్నారని మీవాళ్ళెవరూ అనుకోలేదా?"

జవాబు మామయ్యే చెప్పాడు, నవ్వుతూ. "తగ్గిందని చెప్పాలంటే, వచ్చిందని ఒప్పుకోవాలి గదండీ."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్ళుగా నన్ను భయపెట్టిన మనిషి బాగుపడి, పొలం చేసుకుంటూ, కారు నడుపుకుంటూ మా కళ్ళ ముందే తిరుగుతున్నాడు. మేమే ఆయన్ను ఆ గదిలోనే ఉంచి తాళం వేసి మాట్లాడుకుంటున్నాం. ఆ తుపానులో ఆయన చేతిలోంచి ఒక ప్రాణం జారిపోయిందన్న ముక్కను కథలోంచి తీసేసి, ఒట్టి రక్తాన్నీ, ఒట్టి నూనెనూ మిగుల్చుకున్నాం. మామయ్య చాపిన ఆ అరచేతిని చూస్తూ నా అరచేతిని చూసుకున్నాను. అప్పుడు చెప్పాను జడ సంగతి. మొదటిసారి. "నాకు దొరికింది మామయ్యా, నాకు దొరికింది" అని ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. "తెలుసమ్మా. నీకు దొరికింది. చాలు" అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

డాక్టరమ్మ ఆ రోజు చెప్పింది నా మాటల్లో చెబుతాను. ఈ జబ్బును తెచ్చే జీను అంటూ ఒకటి ఎక్కడా కూర్చుని లేదు. చాలా ఉంటాయి, ఒక్కొక్కటీ చేసేది కొంచెమే. అవన్నీ కలిసి చెప్పగలిగేది ఒకటే, దెబ్బ తగిలినప్పుడు ఈ ఒళ్ళు ఎంత గట్టిగా అదురుతుంది, ఆ అదురు ఎంత తొందరగా సర్దుకుంటుంది అని. అది కూడా కచ్చితంగా చెప్పలేవు. దెబ్బ తగులుతుందా లేదా, ఎంత తగులుతుంది, తగిలిన మనిషిని ఒంటరిగా వదిలేశారా పక్కన కూర్చున్నారా, చిన్నప్పుడు ధైర్యం చెప్పి పెంచారా భయం పెట్టి పెంచారా, ఇవన్నీ జీన్ల బయటి సంగతులు. బయటివే అయినా, బతుకులో పడ్డ కష్టం జీన్ల మీద కూడా కొన్ని గుర్తులు పెడుతుందట. ఏ జీను ఎంత గట్టిగా పనిచేయాలో కొంతవరకు మారుతుందట. మా పుస్తకంలో ఇలాంటి సంగతులున్న పేజీ ఒకటి ఉంది. పరీక్షల్లో రాదని ఏటా వదిలేస్తాను.

"మీ మామయ్యగారిదీ మీదీ ఒకే రక్తం కావచ్చు," అంది ఆవిడ. "కానీ ఆయన్ని అడిగేవాళ్ళు రావడానికి ఏళ్ళు పట్టింది. మీరు కొన్ని వారాల్లోనే వచ్చారు. ఆ తేడా చిన్నది కాదు. ఇంకో మాట. పోలిక అంటే జబ్బు ఒక్కటే ఎందుకు లెక్కేసుకుంటారు? ఆయన కోలుకున్నారు. అదీ మీ ఇంట్లో జరిగిందే కదా."

ఆ మాటతో నా బోర్డు మీది గళ్ళన్నీ చెరిగిపోయాయి.

వైద్యం తేలికేం కాదు. మామయ్యకు పడిన మందు పేరు అత్తయ్యకు గుర్తుంది, డాక్టరమ్మ దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని నాకు తగిన మాత్ర రాసింది. దానికన్నా కష్టం, ఆ ఆదివారం పొద్దుటిని మొదటినుంచి చివరిదాకా, మళ్ళీ మళ్ళీ, కళ్ళు మూసుకుని గట్టిగా చెప్పడం. మొదట్లో టీ మరిగేదాకా వచ్చి ఆగిపోయేదాన్ని. తర్వాత గేటు, తర్వాత రోడ్డు, తర్వాత కాలువ. ఇంట్లో కుళాయి సన్నగా తిప్పి పక్కన కూర్చోవడం, కొంచెం కొంచెంగా ఎక్కువ తిప్పడం. డాక్టరమ్మను తిట్టుకున్న రోజులున్నాయి. ఒకసారి ఎదురుగానే తిట్టాను. "బాగుంది, కోపం చక్కగా పనిచేస్తోంది" అంది ఆవిడ.

ప్రతి వారం మామయ్యే కారు తెచ్చేవాడు. ఇప్పుడు నేను ముందు సీట్లో కూర్చునేదాన్ని. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగిన చోటల్లా మా కబుర్లు. చిన్నప్పుడు నన్ను చూసి ఎందుకు పారిపోయేవాడివని నిలదీశాను. "నువ్వు నాకు గండమని కాదే పిచ్చిదానా. నా పీడ నీకు అంటుద్దేమోనని" అన్నాడు. ఒకరికొకరు తగలకూడదని ఇద్దరం ముప్ఫై ఏళ్ళు తప్పుకు తిరిగామన్నమాట. ఆ సంగతికి కారు ఆపి మరీ నవ్వుకున్నాం. వెనక బస్సువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

సంక్రాంతి దాటిన తర్వాత, బడి ఉన్న ఒక రోజు, మా ఆయన ఇంకా స్నానంలో ఉన్నారు. పిల్లకు టైమవుతోంది. నేను దువ్వెన తీసుకుని వెనక కూర్చున్నాను. చేతులు చల్లబడ్డాయి. ఆగాను, ఊపిరి తీసుకున్నాను, మూడు పాయలు చేశాను. రెండు జడలూ వేసి, రిబ్బన్లు కట్టి, బిగుతుగా ఉందని అది గింజుకుంటుంటే "కదలకే" అని నెత్తిన ఒకటి మొట్టాను. అది బిత్తరపోయి చూసి, తర్వాత "నాన్నా, అమ్మ వేసింది! రెండూ ఒకేలా ఉన్నాయి!" అని కేకలు పెడుతూ ఇల్లంతా తిరిగింది. నేను లేచి వంటింట్లో కుళాయి పూర్తిగా తిప్పాను. నీళ్ళ చప్పుడు వింటూ నిలబడ్డాను. నేను గెలిచాను. అంత పెద్ద మాట ఇంకే సందర్భంలోనూ వాడను, అప్పుడు మాత్రం పైకే అన్నాను.

కాలేజీలో ఈసారి ఆ వదిలేసే పేజీ కూడా చెప్పాను. పిల్లలు ఇది పరీక్షలో వస్తుందా మేడమ్ అని అడిగారు. "రాదు, బతుకులో వస్తుంది" అన్నాను. బఠానీ మొక్కకు మేనమామ ఉండడు కాబట్టి దాని లెక్క మనుషులకు అలాగే వేయకూడదని కూడా చెప్పాను. వెనక బెంచీల వాళ్ళు గోల చేశారు.

ఉయ్యూరు సంబంధం సంగతి మిగిలింది. క్లినిక్‌కు వెళ్ళిన ఆ వారంలోనే మామయ్య తనే వాళ్ళింటికి వెళ్ళి, తన జబ్బు సంగతి మొత్తం చెప్పి వచ్చాడు. వాళ్ళు ఆలోచించుకుంటామన్నారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అమ్మ నన్నూ మామయ్యనూ కలిపి తిట్టింది. వేసవి మొదట్లో కబురు వచ్చింది, ఇంటికొచ్చి మాట్లాడతామని. మేమంతా కంకిపాడు వెళ్ళాం. పెళ్ళికొడుకు తల్లి చాలా గంభీరంగా ఉంది. కాఫీలు అయ్యాయి. ఆవిడ కప్పు కింద పెట్టి, మామయ్య వైపు చూసి, "మీరు చెప్పిన విషయం గురించే వచ్చామండీ. అది మీ ఒక్కరికేనా, ఇంకెవరికైనా..." అంది.

 అత్తయ్య నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపు మా అమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. ఆ "అబ్బే" వస్తుందని నేను పళ్ళు బిగపట్టాను.

"మా అన్నయ్యకి వచ్చిందండీ, తగ్గింది," అంది అమ్మ. "తర్వాత మా అమ్మాయికి వచ్చింది, తగ్గింది. ఇదిగో, ఎదురుగానే ఉంది చూడండి. కాలేజీలో పాఠాలు చెబుతోంది. మావాళ్ళకి వస్తే తగ్గుద్దండీ. దాస్తేనే తగ్గదు. నేను దాచాను కాబట్టి నాకు తెలుసు."

 పెళ్ళికొడుకు తల్లి లేచి, తన కుర్చీని అమ్మ కుర్చీ పక్కకు లాక్కుని, గొంతు తగ్గించింది.

"మా మరిది ఇంట్లోంచి బయటికి రాక రెండేళ్ళయిందండీ. పెళ్ళిళ్ళకి కూడా తీసుకెళ్ళట్లేదు. ఊళ్ళో నడుం నొప్పని చెబుతున్నాం. ఆ డాక్టరమ్మ ఏ రోజు చూస్తుందో, ఎవరితో పంపించాలో కాస్త చెబుతారా?"

అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఏ రోజైనా ఫరవాలేదు వదినగారూ. ఒక్కణ్ణీ పంపకండి. మా అన్నయ్య కారు తీసుకుని వస్తాడు."